వంటింటి చావు ఏ గడిలో?

సుల్తాన్ బజార్ ఫుట్‌పాత్ మీద కొన్న కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలతో పెరిగాన్నేను. అక్కడ హత్య జరిగిందా అన్న అనుమానం ఉండదు. యుగంధర్ తేల్చాల్సింది ఎవరు చేశారన్నదే. ఈమధ్య చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చుని, హత్య కేసులు ఎలా తేలతాయో చూద్దామని జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదికలు ముందేసుకున్నాను. అవీ ఎవరో రాసినవే కదా, సాహిత్యం వాళ్లం చదవకూడదా?

ఈ కథకి ముగింపు చార్జిషీటు. అది వేస్తే పోలీసుల వరకు కేసు తేలినట్టే. శిక్ష పడిందా అన్నది వేరే పట్టిక. ఒక ఎఫ్ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా అన్నిటికంటే పెద్దదాన్నే లెక్కిస్తారు. చంపేముందు ఆమెని ఎన్నేళ్లు కొట్టారో హత్య గడిలో కనపడదు.

2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. వరకట్న మరణాలు ఇందులో కలవవు, వాటికి విడి గడి. అదే ఏడు ఆత్మహత్య చేసుకున్న గృహిణులు 25,309 మంది. వాళ్లున్నది అసలు వేరే నివేదికలో. ఈ గోడలు ఎవరు కట్టారు?

ఒక గోడ మనమే అడిగి కట్టించుకున్నాం. పెళ్లయిన ఏడేళ్లలోపు అసహజంగా చనిపోయి, అంతకు కొద్దిముందు కట్నం కోసం వేధించారని చూపిస్తే చాలు, ఎవరు చంపారో రుజువు చేయనక్కర్లేదంది 1986లో వచ్చిన 304-బి. నాలుగు గోడల మధ్య సాక్షులెక్కడ దొరుకుతారు? అవసరమైన చట్టమే. కానీ ఆ వెసులుబాటు దర్యాప్తుకీ దొరికింది. హత్యని హత్యగా నిరూపించే శ్రమ తప్పింది. 304-బితో పాటు మామూలుగా 302 కూడా చేర్చమని 2010లో రాజ్‌బీర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో జస్వీందర్ సైనీ కేసులో, అందుకు ఆధారాలుంటేనే అంది. 2024 జులై నుంచి ఆ సెక్షన్ నెంబరు 80 అయింది, ఏడేళ్ల గడువు అలాగే ఉంది. ఎనిమిదో ఏట పోయినామె సంగతి?

అందుకే హత్య గడి దగ్గర మొదలుపెట్టే పరిశోధన వీధిలో జరిగిన హత్యల్ని బాగానే చూస్తుంది. ఇంట్లో జరిగినవాటికి శవపంచనామా దగ్గర, మరణ వాంగ్మూలం దగ్గర మొదలుపెట్టాలి. 'ఎవరు' అన్నది అక్కడ అందరికీ తెలుసు. ఆ చావుకి ఏం పేరు పెట్టారన్నదే ప్రశ్న.

నా చిన్నప్పుడు అశోక్ నగర్‌లో మా వీధి అక్క ఒకామె కాలిపోయింది. స్టవ్ పేలిందన్నారు. ప్రమాద మరణాల నివేదిక తిరగేస్తే, అగ్నిప్రమాదాల కింద గ్యాస్ సిలిండర్, స్టవ్ పేలుళ్లకీ ఒక గడి ఉంది. అందులో ఆడవాళ్ల సంఖ్య విడిగా ఇచ్చారు.