ముల్లుతో గుచ్చిన ఆకు

ఆండీ గోల్డ్స్‌వర్తీ 1956లో ఇంగ్లండులో పుట్టాడు. పదమూడో ఏట నుంచే పొలాల్లో కూలికి వెళ్లాడు. తర్వాత స్కాట్లాండులోని పెన్‌పాంట్ అనే పల్లెలో స్థిరపడి శిల్పాలు చేస్తున్నాడు. రాలిన ఆకులను ముళ్లతో గుచ్చి కలుపుతాడు. మంచు ముక్కలను తడిపి, గడ్డకట్టేదాకా చేత్తో పట్టుకుని అతికిస్తాడు. ఎండకు అవి కరిగిపోతాయి, గాలికి చెదిరిపోతాయి. చివరికి ఫొటోలే మిగులుతాయి. ఈ పని బంగాళాదుంపలు ఏరడం లాంటిదేనని, అందులో లయ కుదరాలని ఆయన అంటాడు. కూలి పనిలో నేర్చినదాన్ని దాచుకోకపోవడమే నాకు ఆయనలో నచ్చింది.

అమెరికాలో స్టార్మ్ కింగ్ ఆర్ట్ సెంటర్ అనే శిల్పాల తోటలో 1997-98లో కట్టిన ఆయన రాతిగోడ పొడవు 2,278 అడుగులు. అది చెట్ల చుట్టూ మెలికలు తిరిగి చెరువులోకి దిగుతుంది. సున్నం లేకుండా ఆ రాళ్లు పేర్చింది బ్రిటన్ నుంచి వెళ్లిన గోడ మేస్త్రీలు. గోడ అనగానే గుర్తొచ్చేది మాత్రం గోల్డ్స్‌వర్తీ ఒక్కడే.

మన అమ్మలు అడ్డాకులను పుల్లలతో కుట్టి విస్తర్లు చేస్తారు. ఆ విస్తరి అన్నం కోసం, ఆయన ఆకులు చూడటం కోసం. ఆ తేడా నిజమే. కానీ ఆకు ముదురో లేతో తెలిసిన వేళ్లు ఇద్దరివీ. ఆయన పనిని చూసి రాసినవాళ్లు ఉన్నారు, అందుకే అది కళ అయింది. అమ్మ పని సంతలో కట్టల లెక్కలోనే ఆగిపోయింది.

బడిలో ఆయన ఫొటోలు చూపించే టీచర్లు అదే రోజు విస్తరి కుట్టే అమ్మనూ పిలవాలి. బోర్డు మీద ఆమె పేరు కూడా రాయాలి.