గోటికి కూడా లొంగే తెర

వేళ్లు చెమటతో తడిసినా, పసుపు అంటినా మాట వినే తెర ఒకటి 2006 చివర్లో కొరియా నుంచి వచ్చింది. అది కోవన్ కంపెనీ పాటల ప్లేయరు ఐఆడియో డీ2ది. కోటబొమ్మాళి కొత్తమ్మ తల్లి జాతర తోపులాటలో పాట మార్చుకోవాలంటే ఇలాంటిదే చేతిలో ఉండాలంటాను. దీని తెరలో రెండు పలచని పొరలుంటాయి. నొక్కినచోట పై పొర వంగి కింది పొరను తాకుతుంది. ఎక్కడ తాకిందో యంత్రం లెక్కగట్టుకుంటుంది. వేలైనా, గోరైనా, అగ్గిపుల్లైనా దానికి ఒకటే. 2007 సెప్టెంబరులో వచ్చిన ఆపిల్ ఐపాడ్ టచ్ తెర వేరు. మెల్లగా రాస్తే చాలు, పాటల జాబితా నీళ్లలా జారిపోతుంది. తడి వేలికి మాత్రం తడబడుతుంది, గోటిని అసలు ఖాతరు చేయదు.

డీ2 బరువు 91 గ్రాములే గానీ మందం 16.6 మిల్లీమీటర్లు, ఐపాడ్ టచ్‌కు రెట్టింపు. ఆ లావు వృథా పోలేదు. ఎస్‌డీ కార్డు పెట్టుకునే చోటుంది, ఎఫ్ఎం ఉంది, పెద్ద బ్యాటరీ ఉంది. ఒక ఛార్జికి 52 గంటల పాటలని కంపెనీ మాట. 2 జీబీ రకంలో 128 కేబీపీఎస్ పాటలు నింపితే 34 గంటలకే అన్నీ అయిపోతాయి, ఛార్జి ఇంకా మిగులుతుంది! నాకు అంతకన్నా నచ్చింది లైన్-ఇన్. తప్పెటగుళ్ల మోత పక్కన చిన్న మైకు పెడితే శబ్దం పగిలిపోతుంది. మైకుసెట్టు యాంప్లిఫయరు నుంచి వైరు లాగి ఇందులో పెడితే తేటగా రికార్డవుతుంది.

లోపాలూ తక్కువేం కాదు. రెండున్నర అంగుళాల తెర మీద నొక్కాల్సిన బొమ్మలు మరీ చిన్నవి. దాంతో ఇచ్చిన ప్లాస్టిక్ పుల్ల అలంకారానికి కాదు. సినిమా చూడాలంటే ముందు కంప్యూటరులో 320x240కి కుదించాలి. పాటకూ పాటకూ మధ్య చిన్న ఖాళీ తప్పదు. ఇంటర్నెట్ ఊసే లేదు. ఐపాడ్ టచ్‌లో వైఫై ఉంది.

కానీ సౌండు బటన్లను కోవన్ పై అంచునే ఉంచింది. జేబులో చెయ్యి పెట్టి, చూడకుండానే తగ్గించుకోవచ్చు. మొదటి ఐపాడ్ టచ్‌లో అవి లేవు. 2008 సెప్టెంబరులో, రెండో తరానికి గానీ ఆపిల్ వాటిని పెట్టలేదు.