పువ్వు కన్నా ముందు దాని వెనక చూడండి

కొత్తగా కెమెరా పట్టి పూల ఫొటోలు తీసేవాళ్లు ముందుగా అడిగేది, వెనకంతా మెత్తగా, మసకగా రావాలంటే ఏ లెన్స్ కొనాలని. కొనేముందు కాస్త కదిలి చూడమంటాను. కెమెరాతో పాటు వచ్చే మామూలు 18-55 లెన్స్‌నే 55 దగ్గర పెట్టి, ఫోకస్ అందినంత వరకూ పువ్వు దగ్గరికి వెళితే, ఎఫ్ 5.6లో కూడా స్పష్టంగా పడేది రెండు మూడు మిల్లీమీటర్ల లోతే. అయినా వెనక ఆకులు గజిబిజిగా కనిపిస్తున్నాయంటే, అవి పువ్వుకి బెత్తెడు దూరంలోనే ఉన్నాయన్నమాట. అదే పువ్వుని, వెనక రెండు మీటర్ల దాకా ఏమీ అడ్డులేని వైపు నుంచి తీస్తే, లెన్స్ మార్చకుండానే మసక దాదాపు మూడు రెట్లవుతుంది. దాంతోపాటు వెలుగూ చూసుకోవాలి. ఆకుల సందుల్లోంచి తొంగిచూసే ఆకాశం ఎంత మసకబారినా తెల్లటి బిళ్లలై కన్ను లాగేస్తుంది. రెండంగుళాలు పక్కకి జరిగితే చాలు, ఆ బిళ్ల ఏదో ఒక ఆకు చాటుకి పోతుంది. మల్లెపువ్వు వెనక నీడపట్టున ఉన్న చెట్టు మొదలుంటే రేకుల అంచులు తేలి కనిపిస్తాయి. ఎండపడ్డ సున్నం గోడ ముందు అవే అంచులు కలిసిపోతాయి.

ఎపర్చర్ బాగా పెద్దగా తెరుచుకునే లెన్స్ ఉంటే ఇంత తిరుగుడు దేనికి అనొచ్చు. మందారాన్నే చూడండి. రేకుల నడుమ నుంచి కేసరాల కాడ రెండంగుళాల పైనే ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దగ్గరగా, ఎదురుగా ఎఫ్ 1.8లో తీస్తే కొసనున్న అయిదు ఎర్రటి బొడిపెలే దక్కుతాయి, రేకులు రంగు మరకగా మిగులుతాయి. పక్కనుంచి, ఆ కాడ కెమెరాకి సమాంతరంగా ఉండేలా తీయాలి. వెనక దూరం ఉన్నప్పుడు ఎఫ్ 8లోనూ మెత్తదనం పోదు. ఫోన్‌లోని పోర్ట్రెయిట్ మోడ్ అంచుల్ని లెక్కగట్టి మసక పూస్తుంది, సన్నటి కేసరాల దగ్గర ఆ లెక్క తరచూ తప్పుతుంది.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: అంతా మసక చేస్తే పువ్వు ఏ చోటిదో తెలియకుండా పోతుందని. నిజమే. బతుకమ్మ రోజుల్లో చెరువుగట్టున పూసిన తంగేడుకి ఆ గట్టూ ఆ నీళ్లూ కావాలి. అలాంటప్పుడు రెండడుగులు వెనక్కి జరిగి, ఎపర్చర్ కొంత మూసి, నీళ్లు నీళ్లేనని పోల్చుకునేంత మసకే ఉంచాలి. ఎంత ఉంచాలో తేల్చుకోవడానికైనా ముందు వెనకేముందో చూడాల్సిందే. లెన్స్‌కి డబ్బు కట్టేముందు ఒక్క మందారం చుట్టూ నిదానంగా తిరిగి, ఏ వైపు వెనక ఖాళీగా, నీడగా ఉందో చూసి తీయండి. అప్పటికీ కావాలనిపిస్తే కొనుక్కోండి.