రైలు ఆటలో చక్రాల చప్పుడు

కంప్యూటర్‌లో రైలు నడిపే ఆటల్ని అందరూ బొమ్మ చూసి మెచ్చుకుంటారు. ఇంజను రంగు సరిగ్గా ఉందా, స్టేషను బోర్డు మీద అక్షరాలు కుదిరాయా, చెట్లు మన చెట్లలాగా ఉన్నాయా అని చూస్తారు. చప్పుడు గురించి అడిగేవాళ్ళు తక్కువ. నేను చప్పుడు గురించే రాస్తున్నాను. హారను, ఇంజను మోత కూడా కాదు, చక్రం పట్టా మీద దొర్లేటప్పుడు వచ్చే చప్పుడు.

నేను ఆడిన ఆటలో మన దేశపు పెట్టెలే ఉన్నాయి. చూడటానికి బాగున్నాయి. బండి కదలగానే "టకటక టకటక" మొదలవుతుంది, వేగం పెంచితే ఆ టకటక సన్నబడుతుంది. గంటకు వంద కిలోమీటర్లు దాటేసరికి గోరుతో పళ్ళెం మీద కొట్టినట్టు ఉంటుంది. మా తాత రైలుకట్ట మీద గ్యాంగ్‌మన్‌గా పని చేసినవాడు. ఒకరోజు నా వెనక కూర్చుని విని, "ఏమిరా, ఇది రైలా, కుట్టు మిషనా?" అన్నాడు. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఆ మాటలో ఈ ఆట మీద చేయవలసిన విమర్శంతా ఉంది.

లోపం ఎక్కడంటే, ఆట తయారుచేసినవాళ్ళు ఒకే చిన్న రికార్డింగును తిప్పి తిప్పి వాడారు. బండి వేగం రెండింతలైతే ఆ రికార్డింగునూ రెండింతల వేగంతో తిప్పుతారు. అప్పుడు దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి సగమవుతుంది, అంతవరకు సరే. కానీ శ్రుతి కూడా పెరిగిపోతుంది, కింది షడ్జం పై షడ్జమవుతుంది. నిజం రైల్లో అలా జరగదు. వేగం పెరిగితే దెబ్బ గట్టిగా పడుతుంది, త్వరత్వరగా పడుతుంది, అంతే. బరువైన ఇనుము బరువైన ఇనుము గొంతుతోనే మోగుతుంది.

లెక్క వేసి చూడండి. మన రైల్వేలో ఒక్కో పట్టా ముక్క సాధారణంగా 13 మీటర్లు. ముక్కకూ ముక్కకూ మధ్య అతుకు ఉంటే, గంటకు 36 కిలోమీటర్ల వేగంలో అతుకు 1.3 సెకన్లకొకటి వస్తుంది. 72 కిలోమీటర్లయితే 0.65 సెకన్లకొకటి. పాత ఐ.సి.ఎఫ్. పెట్టె బోగీలో రెండు ఇరుసుల మధ్య దూరం 2.896 మీటర్లు. అందుకే బోగీ మీద కూర్చున్నవాడికి ఒక్క దెబ్బ కాదు, జంట దెబ్బ వినిపిస్తుంది. "టక్‌టక్", ఆగి, మళ్ళీ "టక్‌టక్". కట్ట పక్కన నిలబడి ఒకే అతుకును వినేవాడికి ఇంకో లయ. ఒక పెట్టె వెనక బోగీ, దాని వెంటనే తర్వాతి పెట్టె ముందు బోగీ కాబట్టి నాలుగు దెబ్బలు గుంపుగా పడతాయి, తర్వాత కాస్త ఖాళీ. లోపల ఒక లయ, బయట ఒక లయ. ఆటలో కెమెరాను లోపల పెట్టినా బయట పెట్టినా అదే టకటక. బయట పెడితే కొంచెం తగ్గుతుంది, అంతే తేడా.

ఇంతకంటే పెద్ద పేచీ ఇంకొకటి ఉంది. అసలు ఆ టకటక ఇప్పుడు మన లైన్లో ఎక్కడుంది? చెన్నై నుంచి గుడియాత్తం, ఆంబూరు, వాణియంబాడి, కేతాండపట్టి మీదుగా జోలార్‌పేటకు వచ్చే దారి మెయిన్ లైను. ఇలాంటి లైన్లలో పట్టాలను ఒకదానికొకటి కరిగించి అతికి పొడవుగా చేస్తారు. అతుకే లేనప్పుడు టక్ అనేదెక్కడిది? మిగిలేది రొద. కిలోమీటరుకు 1,660 కాంక్రీటు స్లీపర్లు ఉంటే, 72 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ముప్పై మూడు స్లీపర్లు దాటుతుంది. అది విడివిడి దెబ్బలుగా కాదు, కాళ్ళకింద గుమ్మని తెలిసే అదురుగా ఉంటుంది. దెబ్బలు ఇంకా వినబడేది స్టేషను దగ్గర, బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోట. కళ్ళు మూసుకుని కూర్చున్నా "జంక్షను వచ్చేసింది" అని చెప్పగలిగేది అందుకే. ఆట మొదటినుంచి చివరిదాకా టకటకలాడుతూ ఉంటే జంక్షను వచ్చినట్టు చెవికెలా తెలుస్తుంది?

నా స్నేహితులు దీనికి ఒప్పుకోరు. టకటక లేకపోతే రైలెక్కినట్టే ఉండదంటారు. సినిమాల్లో విని విని అదే రైలు అనుకుంటున్నాం మనం. నిజంగా ఉన్నది పెట్టాలా, మనకు గుర్తున్నది పెట్టాలా అన్నది చిన్న ప్రశ్న కాదు. పాతకాలపు ఆవిరి బండి ఆటకైతే టకటక కావలసిందే. ఇప్పటి ఎలక్ట్రిక్ ఇంజను, ఇప్పటి పెట్టెలు చూపించి "అచ్చం నిజం" అని చెప్పుకునే ఆటకు మాత్రం నేను ఆ మినహాయింపు ఇవ్వను.

చేతగాక ఇలా చేశారని కూడా అనలేం. 2001లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ ట్రైన్ సిమ్యులేటర్ వచ్చినప్పుడే (అందులో ఆరు దారులున్నాయి, మన దేశానిది ఒక్కటీ లేదు) పట్టా రకాన్నిబట్టి శబ్దం మార్చే ఏర్పాటు ఉంది. లోపల వినేది వేరు, బయట వినేది వేరు అని రెండు ఫైళ్ళు పెట్టొచ్చు. ఇంత దూరం నడిచాక ఈ శబ్దం మోగించు అని కూడా చెప్పొచ్చు. ఆ దారుల్నే నడిపే ఓపెన్ రైల్స్ ఉచితంగా దొరుకుతుంది. అందులో మలుపుకు ఒక శబ్దం, లైను మారే చోటికి ఒక శబ్దం వేరువేరుగా పెట్టుకోవచ్చు. నేను అందులో మెయిన్ లైనుకు రొద మాత్రం ఉంచి, దెబ్బల్ని లైను మారే చోట్లకే పరిమితం చేసి చూశాను. పది నిమిషాలు ఏమీ జరగనట్టుంటుంది. తర్వాత స్టేషను దగ్గర ఒక్కసారిగా "దడదడ" మంటే ఒళ్ళు ఝల్లుమంటుంది.

జోలార్‌పేట దాటి కుప్పం వైపు దారి మలుపులు తిరుగుతూ పైకెక్కుతుంది. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి బిగువైన మలుపులో చక్రం కొంచెం జారుతూ పోవాలి. అప్పుడు వచ్చేది కీచు. రొద, దడ, టక్, కీచు, మన భాషలో ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది. నేను చెప్పే ఆటలో అన్నింటికీ కలిపి ఒకే మీట.

తల్లిదండ్రులు ఇది చదివి "చదువుకోవలసిన పిల్లవాడికి ఈ గోల ఎందుకు" అనుకోవచ్చు. రైల్వేలో వినడం కూడా ఒక ఉద్యోగమే. పెద్ద స్టేషన్లలోకి బండి వస్తున్నప్పుడు పెట్టెలు తనిఖీ చేసే సిబ్బంది కట్ట పక్కన నిలబడి చూస్తారు, వింటారు. బ్రేకు పట్టేసి చక్రం తిరగకుండా పట్టా మీద ఈడ్చుకుపోతే ఒకచోట అరిగి చదునవుతుంది. కొత్త చక్రం అడ్డుకొలత 915 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 2.87 మీటర్లు. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో ఆ చదును సెకనుకు దాదాపు మూడున్నర సార్లు కొడుతుంది. అదే వేగంలో అతుకు 1.3 సెకన్లకొకసారి. తప్పు చక్రానిదా పట్టాదా అని ఆ లెక్కతోనే చెప్పేయొచ్చు. పట్టించుకోకపోతే ఆ దెబ్బలకు పట్టా పగలొచ్చు, బేరింగు పాడవొచ్చు. ఆటలో మాత్రం ఎన్నిసార్లు బ్రేకు గట్టిగా వేసి ఈడ్చినా చక్రం గుండ్రంగానే ఉంటుంది, అదే టకటక వినిపిస్తుంది.