నీళ్ళ మీద పొగ

మా మేడమీద వాటాలో ఉంటున్న కుర్రాడు గిటారు కొన్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం కాఫీ వేళకి ఒకటే వరస. నాలుగు స్వరాలు అటు తిప్పీ ఇటు తిప్పీ అవే. పది రోజులు ఓర్చుకుని, పదకొండో రోజున మెట్ల దగ్గర పట్టుకున్నాను.

“ఏం నాయనా, ఈ పాటకి చరణాలు లేవా?”

“ఎందుకు లేవు పిన్నిగారూ! డీప్ పర్పుల్ వాళ్ళ ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఇది. గిటారు పట్టినవాడెవడైనా ముందు ఇదే వాయిస్తాడు.”

మన పిళ్ళారి గీతాల్లాంటిదన్నమాట! సరే, పాట మొత్తం పెట్టమన్నాను. మొదటిసారి చెవులు మూసుకున్నాను. రెండోసారి విన్నాను. మూడోసారి నేనే పెట్టమన్నాను.

పేరుకి ‘నీళ్ళ మీద పొగ’ అని అర్థం. అదేమీ కవి సమయం కాదు, కళ్ళతో చూసిందే. 1971 డిసెంబరులో ఈ ఇంగ్లీషు బృందం రికార్డింగు కోసం స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మాంట్రో వెళ్ళింది. అక్కడి కాసినోలో 4వ తేదీన ఫ్రాంక్ జప్పా కచేరీ. అది కాగానే వీళ్ళ పని మొదలు కావాలి. ఇంతలో శ్రోతల్లో ఎవడో కప్పు వైపు నిప్పురవ్వల తుపాకీ పేల్చాడు. భవనమంతా బూడిదయింది. సంగీతోత్సవాలు నడిపే క్లాడ్ నోబ్స్ పరుగులు పెట్టి లోపల చిక్కుకున్న పిల్లల్ని బయటికి లాగాడు. అదృష్టం, ఒక్క ప్రాణం పోలేదు. సరస్సు మీద పరుచుకున్న పొగని వీళ్ళు హోటల్లోంచి చూశారు. ఒకటి రెండు రోజుల తర్వాత రోజర్ గ్లోవర్ నిద్ర లేస్తూనే ఈ మాట అన్నాడట.

ఇక రికార్డింగుకి చోటేదీ? ఓ థియేటరులో మొదలుపెడితే, మోత భరించలేక ఊళ్ళోవాళ్ళు పోలీసుల్ని పిలిచారు. (పాపం, వాళ్ళ బాధ నాకు తెలుసు!) చివరికి చలికాలం మూసేసిన గ్రాండ్ హోటల్లో, నడవాల్లో పరుపులు అడ్డం పెట్టుకుని ఆల్బం పూర్తి చేశారు.

ఈ పాట జనానికి నచ్చుతుందని వాళ్ళే అనుకోలేదు. 1972లో ‘మెషిన్ హెడ్’ ఆల్బంతోపాటు సింగిల్‌గా, అంటే అటొకటి ఇటొకటి పాట ఉండే చిన్న రికార్డుగా, వేరే పాటని వదిలారు. అది అంతంతమాత్రంగానే పోయింది. దీన్ని కుదించి అమెరికాలో సింగిల్‌గా తెచ్చింది 1973 మేలో. పట్టికలో 4వ స్థానానికి ఎక్కింది. పాడిన ఇయాన్ గిలన్, పేరు పెట్టిన గ్లోవర్ అప్పటికే, ఆ జూన్‌లోనే, బృందం వదిలిపోయారు. వండినవాళ్ళు లేచిపోయాక విస్తళ్ళు పడినట్టు!

ఇంతకీ ఇందులో ఏముంది? ముందు రిచీ బ్లాక్‌మోర్ గిటారు ఒక్కటే. తర్వాత మిగతా వాయిద్యాలు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. పొగ దట్టమైనట్టు మోత దట్టమవుతుంది. ఆ కట్టడం నిజంగా గొప్పది. మాటలు మాత్రం ఇంటికి రాసిన ఉత్తరంలా ఉంటాయి. ఫలానా ఊరు వెళ్ళాం, ఫలానావాడు తగలబెట్టాడు, ఫలానా హోటల్లో దిగాం. ప్రేమా లేదు, నీతీ లేదు.

నాకు నచ్చనిదీ అక్కడే ఉంది. పిల్లల్ని కాపాడినవాడికి దక్కింది రెండు ముక్కలు. మిగతాదంతా తమకి చోటు దొరకలేదన్న గోలే. పక్కిల్లు కాలుతుంటే మన పని చెడిందని విసుక్కున్నట్టు లేదూ? ఆ మంటల్లో ఒక్క బిడ్డ పోయి ఉంటే ఈ పాట ఇలా పాడగలిగేవాళ్ళా? పాడినా మనం వినగలిగేవాళ్ళమా? ఈ పాట హుషారంతా నోబ్స్ పెట్టిన భిక్షే అని నాకనిపిస్తుంది.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆపద గడిచాక మనుషులు మాట్లాడుకునేది ఇలాగే. ఎక్కడ పడుకున్నాం, ఏం తిన్నాం, ఎలా గట్టెక్కాం, అంతే. లేని దుఃఖం వీళ్ళు నటించలేదు. యాభై ఏళ్ళు దాటినా పాట పాతబడకపోవడానికి ఆ నిజాయితీ కూడా ఒక కారణం కాబోలు.

నిన్న సాయంత్రం కుర్రాడు మొదలుపెట్టగానే, తర్వాత చేరవలసిన డ్రమ్ముల కోసం నా చెయ్యి గట్టు మీద దరువు వేసింది. పాలు పొంగి, మాడి, వంటింట్లో పొగ లేచేదాకా నాకు తెలియనే లేదు!