మజిలీకీ మజిలీకీ నడుమ

భైంసా నుంచి నిర్మల్‌కు నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఒక నీళ్ళ సీసా, జేబులో వంద రూపాయలు ఉంటే ఎవరైనా సైకిల్ మీద వెళ్ళిరావచ్చు. దారి పొడుగునా ఊళ్ళు, చాయ్ హోటళ్ళు, పంక్చర్ దుకాణాలు. అదే కెనడా ఉత్తర కొసన, డాసన్ పట్నం దాటి డెంప్‌స్టర్ హైవే ఎక్కినవాడికి మొదటి పెట్రోలు బంకు 369 కిలోమీటర్ల తర్వాత, ఈగిల్ ప్లెయిన్స్ అనే చోట కనిపిస్తుంది. అప్పటిదాకా కంకర రోడ్డు, టైర్లను కోసే పలకరాళ్ళు, ఎలుగుబంట్లు. 1979లో తెరిచిన ఆ దారిని 2017లో ఆర్కిటిక్ సముద్రపు ఒడ్డున ఉన్న టుక్టోయాక్టుక్ ఊరిదాకా కలిపారు. అప్పటినుంచి సముద్రం చూసి రావాలని ఒంటరిగా సైకిల్ తొక్కుతూ వచ్చేవాళ్ళకు అది పెద్ద మోజు.

సైకిల్ యాత్ర మాటెత్తితే మనవాళ్ళు ముందు అడిగేది ‘ఎన్ని కిలోమీటర్లు?’ అనే. అది పందేలకు పనికొచ్చే ప్రశ్న. హైదరాబాద్‌లోనూ ఇప్పుడు జోరుగా సాగుతున్న బ్రెవే అనే దూరపు సైకిల్ సవారీల్లో 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు నలభై గంటల్లో పూర్తి చేయాలి. వాటికి పెద్దన్న ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్: 1200 కిలోమీటర్లు, తొంభై గంటలు. అక్కడ దారిలో కంట్రోళ్ళు అనే తనిఖీ మజిలీలు ఉంటాయి, కార్డు మీద ముద్ర వేసే మనిషి ఉంటాడు. అడవి దారిలో అడగాల్సిన ప్రశ్న వేరు: ఈ నీళ్ళకూ ఆ నీళ్ళకూ నడుమ ఎంత?

లెక్క మొరటుదే. ఎండలో ఘాట్ ఎక్కే మనిషికి గంటకు లీటరు చెమట పోవడం వింతేమీ కాదు. లీటరు నీళ్ళంటే కిలో బరువు. ఆరు గంటల ఖాళీ ఉంటే ఆరు కిలోలు క్యారియర్ మీదికెక్కినట్టే. ఆ బరువు మోయడానికి ఇంకాస్త చెమట, దానికి ఇంకాస్త నీళ్ళు. కొత్తగా బయలుదేరేవాళ్ళు నాలుగు జతల బట్టలు, కెమెరా, దాని స్టాండు సర్దుకుని నీళ్ళ దగ్గర పిసినారితనం చేస్తారు. రెండో జత బట్టలు లేకపోయినా ఎవరూ చావరు.

మజిలీ నుంచి మజిలీకి లెక్క చూసుకుని సాగే విద్యలో మొనగాళ్ళు పాతకాలం వాళ్ళే. 1900లో అలాస్కాలోని నోమ్ తీరంలో బంగారం దొరుకుతోందని తెలిసి ఎడ్ జెస్సన్ అనే అతను డాసన్ నుంచి గడ్డకట్టిన యూకాన్ నది మీద సైకిల్ తొక్కుతూ బయలుదేరాడు. దాదాపు 1600 కిలోమీటర్లు. ఆ చలికి టైరు రబ్బరు కట్టెలా బిగుసుకుపోయేది, బేరింగుల్లో నూనె గడ్డకట్టేది. అదే ఏడాది అదే దారిలో వెళ్ళిన మాక్స్ హిర్ష్‌బర్గ్ అనే కుర్రాడికి చైన్ తెగిపోయింది. అతను కోటు విప్పి కర్రకు తెరచాపలా కట్టాడు. మంచు మీద సైకిల్‌ను గాలే తోసుకుపోయింది. కథలో జనం గుర్తుపెట్టుకునేది ఈ కోటునే. వాళ్ళను బతికించింది మాత్రం నది వెంబడి వెలిసిన సత్రాలు. పొయ్యి వెలిగే గది ఎంత దూరంలో ఉందో తెలిస్తేనే ఆ చలిలో ముందుకు సాగగలిగేది.

మన ఉత్తరం అంత ఉత్తరం కాదు. అయినా భైంసా మనిషికి అడవి కావాలంటే కెనడా పోనక్కర్లేదు. నిర్మల్ దాటి ఖానాపూర్ దాకా కాలువ నీళ్ళ పచ్చదనం. అక్కడ ఉత్తరానికి మళ్ళి ఉట్నూరు, జైనూర్, కెరమెరి ఘాట్, ఆసిఫాబాద్. జైనూర్ దగ్గర మార్లవాయిలో మానవశాస్త్రవేత్తలు హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులున్నాయి. ఘాట్ దారిలో పక్కకు తిరిగితే 1940లో కుమురం భీం నేలకొరిగిన జోడేఘాట్. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, మ్యాప్‌లో చూపించిన కిరాణా దుకాణం మూసి ఉంటుంది.

ఇక్కడ మ్యాపు కన్నా ఆర్టీసీ నయం. నైట్ హాల్ట్ బస్సు ఆగే ఊరేదో డిపోలో కనుక్కుంటే రాత్రి మజిలీ దొరికినట్టే. బస్సు ఆగే చోట లైటు ఉంటుంది, బోరింగు ఉంటుంది, పొద్దున్నే లేపడానికి డ్రైవరు ఉంటాడు. బస్సు రాని గూడెంలో అయితే ముందు పటేల్‌ను అడగాలి. అడిగినవాడికి బడి వరండా కాదనరు. అడక్కుండా ఊరి బయట గుడారం వేసినవాణ్ణి అనుమానంగా చూస్తే తప్పు వాళ్ళది కాదు. ఉట్నూరుకు దగ్గర్లోని ఇంద్రవెల్లిలో అంగడి సోమవారం. ఆ రోజు దారిలో జీపులు, ఆటోలు, తినడానికి ఏదో ఒకటి. మర్నాడు అదే రోడ్డు ఖాళీ.

మజిలీల లెక్క ఈ అడవిలో గోండుల్లోని మెస్రం వంశీయుల కన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. ఏటా పుష్య మాసంలో వాళ్ళు కేస్లాపూర్ నుంచి జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా నడిచివెళ్ళి తమ దైవం నాగోబాకు గోదావరి జలం తెస్తారు. రానుపోను వంద కిలోమీటర్లకు పైనే, అదీ చెప్పుల్లేకుండా. రాత్రికో ఊరు, ఆ ఊళ్ళో వాళ్ళ కోసం ఎదురుచూసే మనుషులు. సైకిల్ యాత్రకు బయలుదేరేవాడు యూట్యూబ్ వీడియోలు చూసేముందు వీళ్ళ దారి ఒకసారి కనుక్కోవడం మంచిది.

కాలం కూడా చూసుకోవాలి. ఎండకు భయపడి తెల్లవారకముందే కదలమని ఎక్కడైనా చెప్తారు. మార్చి, ఏప్రిల్‌లో ఈ అడవిలో ఆ సలహా తిరగబడుతుంది. ఇప్పపువ్వు రాలేది ఆ వేళకే, ఎలుగుబంటి చెట్టు కిందికి వచ్చేదీ ఆ వేళకే. ఇక పులి. ఈ అడవిలోని కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వు చేశారు. కుమురం భీం జిల్లాలో 2020 నవంబరులోనూ, 2024 నవంబరులోనూ పులి దాడుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. పొద్దుగూకాక అడవి రోడ్డు మీద సైకిల్ తొక్కడాన్ని ధైర్యం అనలేం.

అన్నిటికన్నా డిసెంబరు, జనవరి నయం. కానీ సిర్పూర్ (యు), తిర్యాణి వైపు చలి పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. పొద్దున్నే కెరమెరి ఘాట్ దిగుతుంటే వేళ్ళు మొద్దుబారి బ్రేకు పట్టు తెలియదు. యూరప్‌లో కొండలు దిగే పందెగాళ్ళు చొక్కా కింద న్యూస్‌పేపరు దోపుకునేవారు; ఛాతీకి గాలి తగలకుండా అంతకన్నా చవకైన కవచం లేదు. ఆదివారం పేపరైతే మందం ఎక్కువ. ఈ కాలమ్ ఉన్న పేజీ లోపలి వైపుకు పెట్టుకున్నా రాసినవాళ్ళకు అభ్యంతరం లేదు.

తిరుగు ప్రయాణమే అసలు చిక్కు. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ కాజీపేట-బల్హార్షా లైను మీద ఉంది, భైంసాకు దగ్గరి స్టేషన్ బాసర నిజామాబాద్-ముద్ఖేడ్ లైను మీద. రైల్లో రావాలంటే చుట్టూ తిరగాలి. టాపు మీద క్యారియర్ ఉన్న బస్సు దొరికితే కండక్టర్‌తో మాట్లాడి సైకిల్ పైకెక్కించొచ్చు. పైకి అందించడానికి ఒక మనిషి దొరుకుతాడు కానీ, కట్టడానికి తాడు మాత్రం మనమే తెచ్చుకోవాలి.