గిల్లితేనే గుబాళింపు

హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం వారి గుడికి వెళ్తూ పూలదండ కొంటే ఒకసారి కళ్ళు మూసుకుని వాసన చూడండి. బంతీ చేమంతీ కంటికి ఎంత నిండుగా ఉన్నా ముక్కును పట్టుకునేది మధ్యలో దూర్చిన మరువం రెమ్మో దవనం పుల్లో. పూలమొక్కల వాళ్ళు కోప్పడితే కోప్పడనీ, నేను మాత్రం ఆకు పక్షమే. పువ్వుది ఒక్కపూట మురిపెం. ఆకు చేయి తగిలితే చాలు, ఎప్పుడైనా పలుకుతుంది.

ఆ పలికించే విద్యను నేను మా వీధిలోనే చూశాను. ఐదంతస్తుల మేడ మీద, వాటర్ ట్యాంకు పక్కన, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ తోట ఉంది. నిండా ఇరవై కుండీలు లేవు. కానీ మెట్లెక్కుతుండగానే వాసన ఎదురొస్తుంది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలో తన ఇంటి డాబా మీద కూరలూ పళ్ళూ పండించి ‘మిద్దెతోట’ను ఎన్నో ఇళ్ళకు చేర్చారు. ఆయనంటే నాకు ఎనలేని గౌరవం. అయితే కూర కడుపు నింపుతుంది, పెద్దమ్మ తోట మనసు నింపుతుంది. ఈ మాట మీద ఎవరితోనైనా వాదానికి సిద్ధమే.

ఆవిడ దగ్గర మరువం గుబురుగా ఉంటుంది. దవనం చలికాలపు చుట్టం. కార్తీకంలో విత్తితే మాఘ ఫాల్గుణాల దాకా ఉండి, ఎండలు ముదరకముందే సెలవు తీసుకుంటుంది. నిమ్మగడ్డికి ఏ గారాబమూ అక్కర్లేదు. వీటన్నిటి మధ్యా మహారాణిలా నిలిచింది లెమన్ వెర్బెనా. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడి నుంచి స్పెయిన్‌కు చేరి ఓ రాణిగారి పేరు పెట్టించుకుందట. మన గట్ల మీద పిచ్చిగా పెరిగే లంటానాకు దగ్గరి చుట్టమే కానీ గుణంలో పోలికే లేదు. ఆకును రెండు వేళ్ళ మధ్య నలిపితే అప్పుడే కోసిన నిమ్మతొక్క వాసన, వెనకాలే సన్నని తీపి. హైదరాబాద్ మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండ నుంచి కాచుకుంటూ దాన్ని నాలుగేళ్ళుగా నడుమెత్తున నిలబెట్టడం మామూలు పనితనమా?

ఆవిడ పద్ధతి చూస్తే చాలా సులువు, చేస్తే తెలుస్తుంది కష్టం. పన్నెండు అంగుళాల మట్టికుండీ. అడుగు రంధ్రం మీద పెంకుముక్క. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో. వేలు కణుపు దాకా మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్ళు. వేసవి మధ్యాహ్నాలు గ్రీన్ నెట్ నీడ, మిగతా కాలమంతా దండిగా ఎండ. ఎర్రనల్లీ తెల్లదోమా దీని ఆజన్మ శత్రువులు. అందుకే ఆవిడ రోజూ ఆకు కిందివైపు తిప్పి చూస్తుంది. కనిపిస్తే లీటరు నీటిలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి పొద్దువాలాక పిచికారీ.

అసలు కిటుకు మాత్రం గిల్లడంలో ఉంది. నేను చూస్తుండగానే పచ్చగా ఎదిగిన చిగురును కణుపు పైన చటుక్కున తుంచేసింది. నా ప్రాణం ఉసూరుమంది. “గిల్లకపోతే అది నీ మాట ఎందుకు వింటది బిడ్డా? ఒక్క పుల్లే పైకి పోతది. గిల్లితే మూడు కొమ్మలైతయి” అంది. నిజమే. ఆ మొక్కకు కణుపు కణుపుకూ మూడేసి ఆకులు, ఆ మూడు సందుల్లోనూ మొగ్గలు. ఒకసారి చలికి ఆకంతా రాలితే నేనైతే పారేసేవాణ్ణి. ఆవిడ గోటితో బెరడు గీరి లోపలి పచ్చదనం చూపించింది. నెల తిరక్కుండానే చిగురు తొడిగింది.

ఇంత విద్యనూ వెక్కిరించినట్టు ఉంది బజారు సంగతి. ఒక నర్సరీలో ‘లెమన్ వెర్బెనా’ చీటీ చూసి మోజుగా కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే నలుపలకల కాడ, జంట ఆకులు, నొక్కుల అంచు. పుదీనా కుటుంబపు లెమన్ బామ్! అసలు వెర్బెనాకు ఆకు సన్నగా పొడుగ్గా గరుకుగా ఉంటుంది, కాడ ముదిరితే కట్టెబారుతుంది. వెర్బెనా పేరుతో అమ్మే సబ్బులూ కొవ్వొత్తుల వ్యవహారం ఇంకా ఘోరం. నిమ్మగడ్డి నూనెకు అంతర్జాతీయ బజారులో ‘ఇండియన్ వెర్బెనా’ అనే పాత పేరే ఉంది. అందులో ముప్పాతిక భాగం దాకా నిమ్మవాసననిచ్చే సిట్రాలే కాబట్టి ముక్కును మోసం చేయడం తేలిక. నిమ్మగడ్డి మీద నాకు కోపం లేదు, అది మన ఇంటిది. దాన్ని దాని పేరుతోనే గర్వంగా అమ్మితే పోయేదేముంది?

మరువం కుండీలు పోయి వాసన లేని ప్లాస్టిక్ తీగలు వేలాడుతున్న బాల్కనీలు చూస్తే కడుపు రగులుతోంది. ఉద్యాన శాఖ కార్యాలయం దగ్గర్లోనే, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉంది. పేరు సరిచూసిన పరిమళపు మొక్కలను అక్కడ నలుగురికీ అందుబాటులో పెట్టమని అడుగుతున్నాను.

అంతదాకా ఆగొద్దు. వానలు పడగానే అసలు మొక్క ఉన్నవాళ్ళను ఒక్క కొమ్మ అడగండి. నాలుగంగుళాలు, కణుపు కింద కోసి, అడుగు ఆకులు తీసి, తడి ఇసుకలో గుచ్చి, అడుగు కోసిన ప్లాస్టిక్ సీసా బోర్లించండి. మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది. పెద్దమ్మ కొమ్మ అడిగినవాళ్ళను ఇప్పటిదాకా ఉత్త చేతులతో పంపలేదు.